అవ్వల నడుములేల వంగును?



పాలంపేటలోని రామప్ప దేవాలయమును మీలో అనేకులు చూచియుందురు. 1213లో గణపతిదేవ చక్రవర్తి సేనాని రేచర్ల రుద్రుడు దానిని కట్టించెను. 2021లో అది ప్రపంచ వారసత్వ స్థానములలో చేరెను. ఆ గుడి శిఖరమునకు వాడిన ఇటుకలు నీటిపై తేలును. వాని లోపల సన్నని రంధ్రములు నిండియుండుటయే దానికి కారణము. తేలికయయ్యు దృఢముగా నిలుచుట వాని గొప్పతనము. మన దేహములోని ఎముకయు నట్టిదే. పైన గట్టి పెంకు, లోపల తేనెపట్టువంటి గూడు. గూటి గోడలు సరిగానున్నంత కాలము ఎముక తేలికగాను బలముగాను ఉండును. ఆ గోడలు పలుచబడి, కొన్ని తెగి, రంధ్రములు పెద్దవైనచో పైకి రూపము మారకయే లోపల గుల్లయగును. దీనినే వైద్యులు ఆస్టియోపొరోసిస్ అందురు. మనవారు ఎముకలు గుల్లబారుట యందురు.

ఈ రోగమును మనుష్యులు ఎట్లు తెలిసికొనిరి, మన సీమలో ఏల హెచ్చినది, నేడు దానికి చేయదగిన దేమి యను మూడు సంగతులను నేడు మనవి చేసెదను. అవ్వ నడుము వంగుట ముసలితనమునకు సహజమనియు, దానికి మందు లేదనియు మనలో ఒక తలంపు పాతుకొనియున్నది. ఆ తలంపు వలన ఎందరో తల్లులు మంచము పట్టుచున్నారు. కావుననే ఈ ప్రసంగము.

మన పూర్వులు ఎముకను ఉపేక్షించినవారు కారు. రసము, రక్తము, మాంసము, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రము అను సప్తధాతువులలో అస్థి అయిదవది. శరీరమున ఎముకలు 360 అని చరకుడును, 300 అని సుశ్రుతుడును లెక్కించిరి. దంతములను, మృదులాస్థులను వారు చేర్చిరి గావున సంఖ్య పెరిగినది. నేటివారి లెక్క 206. వాతమునకు అస్థి ఆశ్రయమని వాగ్భటుడు చెప్పెను. వార్ధకమున వాతము ప్రబలుననుట ఆయుర్వేద సిద్ధాంతము. అనగా వయసు మీరిన కొలది ఎముక క్షీణించునని మనవారు గుర్తించిరి. నల్లేరునకు అస్థిసంహారమని, వజ్రవల్లియని సంస్కృతమున పేరులు గలవు. విరిగిన ఎముక అతుకుటకు దానిని వాడిరి, పచ్చడి చేసికొనియు తినిరి. అయినను క్షయమును కొలుచు సాధనము నాడు లేదు. పురుషులకంటె స్త్రీలకే ఇది ఏల అధికమను ప్రశ్నకు సమాధానమును దొరకలేదు.

పాశ్చాత్యులకును ఆ సమాధానము ఆలస్యముగానే దొరకెను. 1822లో లండనులోని శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్, వృద్ధుల ఎముకలు పలుచబడుననియు, తుంటి విరుగుట వృద్ధస్త్రీలలో ఎక్కువయనియు వ్రాసెను. 1830 ప్రాంతమున స్ట్రాస్‌బర్గు నగరమున లోబ్‌స్టైన్ అను పండితుడు గుల్లబారిన ఎముకకు నేటి పేరు పెట్టెను. అటుపిమ్మట నూరేండ్లు గడచెను.

ఇక్కడ మన తెలుగువాని ప్రసక్తి వచ్చుచున్నది. ఎముకకు గట్టితనమిచ్చునవి ముఖ్యముగా కాల్షియము, ఫాస్ఫరసు అను రెండు మూలద్రవ్యములు. రక్తమునందు ఫాస్ఫరసు ఎంత యున్నదో సులభముగా కొలుచు విధానమును 1925లో అమెరికాలోని బోస్టను నగరమున ఫిస్కె అను ఆచార్యునితో కలిసి ప్రకటించినవాడు భీమవరమున 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు. ప్రపంచమంతటను వైద్యపరిశోధకులు ఆ విధానమును వాడిరి. అదే నగరమున ఫుల్లర్ ఆల్‌బ్రైట్ అను వైద్యుడు వెన్నుపూసలు కుంగిన రోగులను పరిశీలించి, వారిలో అత్యధికులు ముట్లుడిగిన స్త్రీలే యని 1941లో ప్రకటించెను. స్త్రీ అండాశయములలో పుట్టు ఈస్ట్రోజెన్ అను రసము ఎముకను కాపాడుచుండును. ముట్లుడిగిన పిదప ఆ రసము తగ్గును. కాపు లేని పంటవలె ఎముక వేగముగా తరుగును. ఈ తరుగుదల మొదటి అయిదారేండ్లలో మిక్కిలి తీవ్రము. పాశ్చాత్యస్త్రీలకు సగటున 51వ ఏట ముట్లుడుగును. మన దేశపు స్త్రీలకు 46, 47 ఏండ్లకే ఉడుగును. కనుక మన తల్లులకు తరుగుదల ముందుగా ప్రారంభమగును.

ఎముక ఒక గాదె వంటిది. దాదాపు 30 ఏండ్ల వయసువరకు అది నిండుచుండును. తరువాత మెల్లగా తరుగును. నిండుగానున్న గాదెనుండి కొంత పోయినను ముసలితనము గడచును. సగము నిండిన గాదెకు ఆ భాగ్యము లేదు. మన స్త్రీల గాదె ఏపాటి నిండుచున్నదో తెలిసికొనుటకు హైదరాబాదునకు పోవలెను.

1918లో నీలగిరులలోని కూనూరున మెక్‌కారిసన్ అను వైద్యుడు పోషణలోపమువలన కలుగు బెరిబెరి రోగమును పరిశోధించుటకు ఒక చిన్న కేంద్రమును స్థాపించెను. అది క్రమముగా పెరిగెను. 1937లో ఎక్రాయిడ్ అను అధ్యక్షుని కాలమున మన దేశపు ధాన్యములలో, కూరలలో ఏ యే పోషకములు ఎంతెంత గలవో తెలుపు పట్టికలు అక్కడినుండి వెలువడెను. 1958లో ఆ సంస్థ హైదరాబాదునకు తరలివచ్చెను. 1969నుండి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. ఆ సంస్థకు చెందిన వీణా శత్రుఘ్న మున్నగు శాస్త్రజ్ఞులు 30 మొదలు 60 ఏండ్ల వయసుగల 289 మంది పేదస్త్రీల ఎముకలను యంత్రముతో కొలిచి 2005లో ఫలితములు ప్రకటించిరి. తుంటివద్ద ఎముక గుల్లబారినవారు నూటికి 29 మంది. అంత తీవ్రము గాకున్నను ఎముక పలుచబడినవారు నూటికి 52 మంది. వారు దినమునకు తినుచున్న కాల్షియము సుమారు 270 మిల్లీగ్రాములు. పెద్దలకు దినమునకు 1000 మిల్లీగ్రాములు కావలెనని ఆ సంస్థయే 2020లో నిర్ణయించినది. కావలసినదానిలో మూడవవంతైన వారికి అందలేదు. అరువదేండ్లు నిండని స్త్రీల సంగతి యిది యని మరువరాదు.

ఇట్లేల యైనది? ఒక కారణము మన వంటింటిలో నున్నది. ఇంటిల్లిపాదికి వడ్డించి, మిగిలినది తాను తినుట ఇల్లాలి ధర్మమని మనము మెచ్చుకొనుచు వచ్చితిమి. పాలు మగపిల్లలకు, మీగడ పెరుగు మగవారికి, అడుగున మిగిలిన చారు ఆమెకు. నలువదేండ్లు ఆ విధముగా జరిగిన పిదప ఆమె ఎముక చెప్పు సాక్ష్యమునే మనము ముసలితనమని పిలుచుచున్నాము.

రెండవ కారణము ధాన్యము. 1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చు పథకము పెట్టెను. ఆకలి తీర్చినంతవరకు అది పుణ్యకార్యమే. అయితే గట్క, అంబలి తాగిన ఇండ్లలో బియ్యపుటన్నమే మూడు పూటల భోజనమయ్యెను. నూరు గ్రాముల బియ్యమున కాల్షియము పది మిల్లీగ్రాములైన నుండదు. జొన్నలు మంచి ధాన్యమే గాని, వానిలోను ముప్పదికి మించదు. మనము తైదలని, కోస్తావారు చోళ్ళని, రాయలసీమవారు రాగులని పిలుచు ధాన్యమున మాత్రము 360 మిల్లీగ్రాములకు పైగా నున్నది. కావున పాతధాన్యము లన్నియు ఒకటేయని భ్రమపడక, తైదలను ప్రత్యేకముగా మరల వంటింటికి తేవలెను. తైద అంబలియందు మజ్జిగ కలిపినచో మరియు మేలు. నూరు మిల్లీలీటర్ల పాలలో సుమారు 120 మిల్లీగ్రాములు గలదు. పెరుగున నించుమించు అంతే. మునగాకున 300 దాటును. నువ్వులలో వేయికి పైబడును గాని, వానిని మనము గుప్పెడైనను తినము. చిన్నచేపలను ముల్లుతోకూడ నమలి తినువారికి అదియు నొక ఆధారము. పాలకూరలో కాల్షియమున్నను, దానిలోని ఆమ్లము పట్టివేయుటచే దేహమున కందునది స్వల్పము. ఎముకగూటికి సున్నమెంత అవసరమో మాంసకృత్తులంత అవసరము. కావున పప్పు, గ్రుడ్డు, వేరుసెనగ అవ్వ పళ్ళెములోనికి గూడ రావలెను. తాంబూలముతోటి సున్నము చాలునని కొందరందురు. ఆ మాట నమ్మరాదు. వక్క నోటిలో పుండుకురుపును పుట్టించునని నేటి శాస్త్రము నిర్ధారించినది.

తిన్న కాల్షియము ప్రేగులనుండి రక్తములోనికి చేరుటకు డి విటమిను కావలెను. సూర్యరశ్మి చర్మముపై పడినపుడు అది పుట్టును. 1919, 1922 సంవత్సరముల మధ్య యూరపు, అమెరికా శాస్త్రజ్ఞులు ఈ రహస్యమును కనుగొనిరి. ఎండలకు పేరుపడిన మన దేశమున దానికి కొదువ యుండదని చాలకాలము అందరు తలచిరి. తిరుపతిలోని వైద్యులు 2005, 2007 సంవత్సరములలో ప్రకటించిన పరిశోధనలు ఆ నమ్మకమును వమ్ముచేసెను. ముట్లుడిగిన స్త్రీలలోను, పల్లెలలో నివసించు స్త్రీలలోను గూడ డి విటమిను చాలినంత లేని వారే అధికము. ఒడలెల్ల కప్పు వస్త్రము, నల్లని చర్మము, ఇంటిలోని పని, తగ్గిన కాల్షియము అన్నియు ఇందుకు తోడుపడును. ముసలి చర్మము డి విటమినును తక్కువగా తయారుచేయును. అందుచే వారికి ఎండ మాత్రమే చాలకపోవచ్చును.

మన పొరుగున నల్లగొండ యున్నది గనుక ఒక భేదము చెప్పవలెను. నీటిలో ఫ్లోరైడు అధికమైనచో ఎముకలు బిగిసి, వెన్ను కదలక కొయ్యబారును. మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఈ రోగమును వైద్యులు గుర్తించి 1937లో ప్రకటించిరి. ఫ్లోరైడు గల సీమలో కాళ్ళు వంకరపోవుటయు, ఎముక గుల్లబారుటయు కలిసి కనబడుటను హైదరాబాదు శాస్త్రజ్ఞులు 1973లో లోకమునకు తెలిపిరి. కనుక నడుము వంగిన ప్రతివారిది ఒకే రోగము గాదు. ఏది ఏదో పరీక్షించియే తెలిసికొనవలెను. ఫ్లోరైడు గ్రామములవారు బోరునీరు మాని, శుద్ధిచేసిన నదీజలమునే త్రాగుట మొదటి మందు.

ఇప్పుడు గ్రామపెద్దలు ప్రత్యేకముగా వినవలసిన మాట. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశము మొత్తముమీద నూటికి మువ్వురు. తెలంగాణమున దాదాపు ఎనమండ్రు, ఆంధ్రప్రదేశమున దాదాపు తొమ్మండుగురు. దేశమునకెల్ల మనమే ముందున్నాము. తెల్లబట్టకో, నడుమునొప్పికో, కాన్పులు చాలుననుకొనియో ముప్పదియైదేండ్లకే గర్భసంచిని తీయించుట మన పల్లెలలో అలవాటైపోయినది. గర్భసంచితోపాటు అండాశయములను గూడ తీసినచో, ఎముకను కాపాడు రసము ఆ దినమే ఆగిపోవును. నలువదియేడేండ్లకు రావలసిన తరుగుదల ముప్పదియైదేండ్లకే మొదలగును. అండాశయములు విడిచినను కొందరికి అవి ముందుగానే ఉడుగును. ప్రాణాపాయమున్నచోట ఈ శస్త్రచికిత్స తప్పదు. అట్టి అవసరము లేనిచోట ఇంకొక వైద్యుని అభిప్రాయము తీసికొననిదే ఒప్పుకొనరాదు. ఈ నిర్ణయములు ఇంటిలో ఎవరు చేయుచున్నారో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇక చికిత్స చరిత్ర. ఆల్‌బ్రైట్ ఈస్ట్రోజెన్‌నే మందుగా నిచ్చెను. చిరకాలము అదియే వాడుకలో నుండెను. 2002లో అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధనలో, ఇంకొక రసముతో కలిపి యిచ్చినపుడు అది తుంటి విరుగుటను తగ్గించినను రొమ్ము పుండుకురుపు, పక్షవాతము, గుండెజబ్బు హెచ్చించునని తేలెను. అందుచే నేడు వృద్ధస్త్రీలకు ఎముకకొరకు దానిని సామాన్యముగా నీయరు. 1960 తరువాత స్విట్జర్లాండులో ఫ్లైష్ అను పండితుని పరిశోధనలనుండి బిస్‌ఫాస్ఫొనేట్లు అను మందులు పుట్టెను. ఎముకను కరిగించు కణముల పనిని ఇవి మందగింపజేయును. వానిలో అలెండ్రొనేట్ అను మాత్రను 1995లో అమెరికా ప్రభుత్వము ఈ రోగమునకు అనుమతించెను. ఎముక సాంద్రతను కొలుచు డెక్సా యంత్రము 1987 ప్రాంతమున వచ్చెను. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ కొలతకు హద్దు నిర్ణయించెను. యువతుల సగటుకంటె రెండున్నర మెట్లు తగ్గినచో, అనగా కాగితముపై టి స్కోరు -2.5 గాని అంతకు తక్కువ గాని యున్నచో, ఎముక గుల్లబారినట్లు.

అలెండ్రొనేట్ మాత్రను సామాన్యముగా వారమునకొకటి వైద్యులు వ్రాయుదురు. దానిని పరగడుపున, గ్లాసెడు మంచినీటితో మ్రింగి, అరగంటసేపు పడుకొనక, ఏమియు తినక, టీ త్రాగక కూర్చుండవలెను, లేదా నడువవలెను. లేనిచో అన్ననాళము పుండగును. మాత్ర పడనివారికి ఏడాదికొకసారి నరమునకెక్కించు జోలెడ్రొనేట్ గలదు. ఆరు మాసములకొకసారి వేయు డెనొసుమాబ్ సూది యున్నది. దానిని మొదలుపెట్టినవారు వైద్యుని అడుగక నడుమ మానరాదు. మానినచో వెన్నుపూసలు వరుసగా కుంగు ప్రమాదమున్నది. ఈ మందులు మొదలిడుటకు ముందు మూత్రపిండములను, పండ్లను, కాల్షియమును పరీక్షింపవలెను. కొన్ని ఏండ్ల పిమ్మట మరల కొలిచి, కొనసాగించవలెనో ఆపవలెనో వైద్యుడే చెప్పును. కాల్షియము మాత్రను అన్నముతో, ఒక్కసారికి 500 మిల్లీగ్రాములకు మించక తీసికొనవలెను. డి విటమిను పొట్లము ఎన్ని వారములు వ్రాసిరో అన్నియే వాడవలెను. బలమనుకొని దినదినము తాగినచో అది విషమగును.

బలమునకు మందు వాడుచునే బలమును పోగొట్టుకొనువారు గలరు. కీళ్ళనొప్పికి, ఆయాసమునకు ఊరిలోని ఆర్.ఎం.పి. యిచ్చు పేరులేని పొట్లములలో స్టిరాయిడు మందుండుట కద్దు. మొదట నొప్పి మాయమగును. మాసముల తరబడి వాడినచో ఎముక గుల్లయగును. చీటీ లేని పొట్లమును అవ్వచేతికి ఇయ్యకుడు. అయితే చిరకాలముగా వాడుచున్నవారు ఒక్కసారిగా ఆపుటయు ప్రమాదమే. వైద్యుని సలహాతో మెల్లగా తగ్గించుకొనవలెను.

మూడవ సాధనము కదలిక. ఎముకపై బరువు పడినచో అది గట్టిపడును. పడనిచో కరుగును. మన పూర్వస్త్రీలు విసిరిరి, దంచిరి, చేది నీరు తోడిరి. ఆ కష్టము మరల రావలెనని నేననను. దానికి బదులు ఉదయ సాయంకాలములందు అరగంట నడక, కుర్చీనుండి చేయి ఊనక పదిమార్లు లేచి కూర్చుండుట, గోడపట్టుకొని మడమలెత్తుట చాలును. మన బతుకమ్మకు మించిన వ్యాయామమున్నదా? తొమ్మిది దినములు చప్పట్లు చరచుచు గుండ్రముగా తిరుగుటలో కాలికి బలము, దేహమునకు నిలుకడ రెండును గలుగును. నడుము గుల్లబారిన తల్లులు మాత్రము ముందుకు బాగుగా వంగక నిటారుగా తిరుగవలెను. నిండు బిందెను వంగి ఎత్తరాదు.

పడకుండుట సగము చికిత్స. జారు స్నానపుగది, చీకటి దొడ్డి, ఎత్తయిన గడప, అరిగిన చెప్పు, మసకచూపు, వీనిలో ప్రతిదానికి చవుకయైన ఉపాయమున్నది. స్నానపుగదిలో పట్టుకొనుటకొక కడ్డీ, రాత్రికొక చిన్న దీపము, శుక్లము తీయించుకొన్న కన్ను, ఇవి వేల రూపాయల మాత్రలతో సమానము.

నేను పనిచేసిన ఒక పల్లెలో ఒక పెద్దమ్మ వాకిట జారిపడెను. కాలు ప్రక్కకు తిరిగెను. బెణికినదని కట్టువైద్యునిచే మూడువారములు కట్లు కట్టించిరి. వీపున పుండ్లుపడెను, రొమ్ము పట్టెను, నాలుగవ మాసమున ఆమె పోయెను. కట్టువైద్యుని విద్యను నేను తక్కువచేయను. మణికట్టు విరిగినపుడు కట్టుతో అతుకవచ్చును. తుంటి విరిగినచో కట్టుతో పని జరుగదు. రెండుదినములలోపల శస్త్రచికిత్స జరిగి, రోగి లేచి నిలుచుటయే ప్రాణరక్ష. పడిన ముసలమ్మ లేవలేకున్నను, ఒక కాలు పొట్టియై ప్రక్కకు వాలినను నేరుగా పెద్దాసుపత్రికి కొనిపోవలెను.

పడకయే వెన్నుపూసలు కుంగుటయు గలదు. ఎత్తు రెండంగుళములు తగ్గినను, మునుపు లేని వంపు కనబడినను, చిన్న దెబ్బకే మణికట్టు విరిగినను అది ఎముక పెట్టు మొర. దానిని విని పరీక్ష చేయించుడు. ఒకమారు విరిగిన తరువాత మరల విరుగుట మిక్కిలి సుళువు. మందు మొదలుపెట్టుటకు అదియే తగిన సమయము.

పెద్దలారా! రెండువేల యేండ్ల క్రిందటనే మన శాస్త్రములు ఎముక తరుగునని చెప్పెను. స్త్రీలకే ఏల తరుగునో 1941లో తెలిసెను. ఎంత తరిగినదో కొలుచుట 1987 ప్రాంతమున, గట్టిమందు 1995లో వచ్చెను. తెలివికి సంబంధించిన భాగము పూర్తియైనది. మిగిలినది ఇంటి ఏర్పాటు. మీ గ్రామమున పాలు పొంగిన ప్రతి ఇంట ఒక గ్లాసు అవ్వకు, ఒక గ్లాసు ఆడపిల్లకు ముందుగా పోయించుడు. ఆడపిల్ల గాదె నేడు నిండినగాని ఏబదియేండ్ల పిమ్మట ఆమె నడుము నిటారుగా నిలువదు.